జుట్టు రాలుతుంటే ఎవరెవరిని అనుమానించానో

చైతన్యపురిలో నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. పదకొండేళ్లుగా వేరేవాళ్ల జుట్టు కడగడం, కత్తిరించడం, జడలు అల్లడం నా పని. అలాంటి నాకే పోయినేడు చలికాలంలో మొదలై తలమీది జుట్టు సగం ఊడిపోయింది. ఇప్పుడు మళ్లీ మొలిచింది కాబట్టి ధైర్యంగా కూర్చుని రాస్తున్నాను. జుట్టు తిరిగొచ్చింది గానీ ఆ నెలల్లో నా నోటినుంచి వచ్చిన మాటలను వెనక్కి తీసుకోలేకపోయాను. దువ్వెన చూసి భయపడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే, పక్కనున్న మనిషిని అనుమానించే ముందు కాస్త ఆగుతారని నా ఆశ.

డిసెంబర్

రోజూ కొన్ని వెంట్రుకలు రాలడం మామూలే. మా పనిలో ఉన్నవాళ్లకు అది బాగా తెలుసు. కానీ ఆ రోజు దువ్వెన పళ్లమధ్య ఉండ చుట్టేంత జుట్టు వచ్చింది. చలికి అయ్యుంటుందిలే అనుకున్నాను. మర్నాడు తలస్నానం చేస్తుంటే వేళ్లకు చుట్టుకుని వచ్చేసింది. బాత్రూంలో నీళ్లు పోయే జాలీమీద నల్లగా పేరుకుంది. దిండుమీద, చపాతీ పిండిలో, మా ఆయన చొక్కా భుజంమీద, ఎక్కడ చూసినా నా వెంట్రుకలే.

మా ఆయన పేరు యాదగిరి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తాడు. మాది నల్లగొండ పక్క ఊరు. పెళ్లయినప్పటినుంచి కర్మన్‌ఘాట్‌లోనే కిరాయికి ఉంటున్నాం. అత్తమ్మ కూడా మాతోనే ఉంటుంది.

నా మొదటి అనుమానం నీళ్లమీద. మా బిల్డింగుకు కొత్త బోరు వేసి ఎక్కువ రోజులు కాలేదు. బకెట్ అంచుకు తెల్లటి పొర కడుతోంది. "గీ నీళ్లతోనే. నేను చెప్తున్న చూడు" అన్నాను యాదగిరితో. అతను నల్లాకు బిగించే ఫిల్టర్ ఒకటి తెచ్చి బిగించాడు. రెండు వారాలు చూశాను. తగ్గలేదు. పై పోర్షన్ ఆమెను మెట్లమీద ఆపి, "మీకూ జుట్టు ఊడుతుందా?" అని అడిగాను. లేదంది. అబద్ధం చెప్తోందనుకున్నాను. ఆమె తలలో పాపిట ఎంత వెడల్పుందో చూద్దామని రెండు మెట్లు పైకెక్కి మరీ చూశాను.

తర్వాత షాంపూ. పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి అక్షరాలు పోల్చాను. కొత్తదానిమీద రంగు కొంచెం వెలిసినట్టు కనబడింది. సరుకు పంపే హోల్‌సేల్ ఆయనకు ఫోన్ చేసి నకిలీది అంటగట్టావని అరిచాను. "ఇన్నేళ్ల సంది నా దగ్గరనే కొంటున్నవు కదమ్మా, గిప్పుడేమైంది?" అని ఆయన నొచ్చుకున్నాడు. ఆ నెలనుంచి నాకు సరుకు పంపడం మానేశాడు.

అత్తమ్మ లెక్కలో మాత్రం అది దిష్టి. "రోజుకు ఇరువై మంది అద్దంల నీ నెత్తి చూస్తరు. ఎవలి కన్ను ఎసోంటిదో" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. "గుట్ట మీది దేవునికి తలనీలాలిస్తే గట్టిగ మొలుస్తది బిడ్డా" అని కూడా అంది. పార్లర్ నడిపేదాన్ని గుండుతో కూర్చోమంటావా అని ఆమెమీద గయ్యిమన్నాను. ఆమె చాట పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

జనవరి

పార్లర్‌లో నాతోపాటు ఇంకొకామె ఉండేది. పద్మజ. నాకన్నా రెండేళ్లు పెద్ద, పద్మక్కా అని పిలిచేదాన్ని. వాళ్లది తణుకు దగ్గర పల్లెటూరు. వాళ్లాయన ఉద్యోగంకోసం వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. ఎనిమిదేళ్లు ఇద్దరం ఒకే గదిలో పని చేశాం. నేను కటింగ్, మేకప్ చూసుకుంటే, ఆమె ఐబ్రోస్, ఫేషియల్ చూసుకునేది. వెనక చిన్న స్టవ్‌మీద ఆమె ఒక నూనె కాచేది. కొబ్బరినూనెలో మందార పూలు, కరివేపాకు, ఉసిరి ముక్కలు, మెంతులు. కస్టమర్లు అడిగి మరీ పట్టుకెళ్లేవాళ్లు.

జనవరి మధ్యకొచ్చేసరికి ట్యూబ్‌లైట్ కింద నిలబడితే నా నడినెత్తిన చర్మం మెరిసేది. పొద్దున్నే పాపిట వెంట నల్ల ఐషాడో పొడి రుద్దుకుని వచ్చేదాన్ని. చెమట పడితే అది నుదుటిమీదికి కారేది. ఒకరోజు పాత కస్టమర్ ఒకామె అద్దంలో నన్ను చూసి, "నీ నెత్తే గిట్లున్నది, మాకేం నూనె అమ్ముతవు అక్కా?" అని నవ్వింది. పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. పద్మక్క మాత్రం నవ్వలేదు. సీసాలు తీసి లోపలి అరలో పెట్టేసింది. ఎందుకు దాచింది అని నాకు ఆ క్షణంలోనే ఏదో ముల్లు గుచ్చుకుంది.

ఆ వారంలోనే, యాదగిరికి చెప్పకుండా, మెయిన్ రోడ్డుమీద అద్దాల బిల్డింగులో ఉన్న ఒక హెయిర్ క్లినిక్‌కు వెళ్లాను. పేరు చెప్పను. లోపల తెల్ల సోఫాలు, గోడలనిండా 'ముందు', 'తర్వాత' అని జంట ఫొటోలు. 'ముందు' ఫొటోలన్నిట్లో వెలుతురు నెత్తిమీదనుంచి పడుతోంది. 'తర్వాత' ఫొటోల్లో పక్కనుంచి. పెళ్లికూతుళ్ల ఫొటోలు నేనూ తీస్తాను, ఆ కిటుకు నాకు తెలుసు. అయినా లేచి రాలేదు. భయం ఎక్కువగా ఉంది.

తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి పెన్నులాంటి కెమెరా నా తలమీద పెట్టింది. ఎదురుగా స్క్రీన్‌మీద చర్మం పెద్దగా కనిపించింది, ఖాళీ గుంటలు గుంటలుగా.

"చూశారా మేడమ్, మీ కుదుళ్లన్నీ మూసుకుపోయాయి. ఇంకో రెండు నెలలు ఆగితే మేము కూడా ఏం చెయ్యలేం. ఈ రోజే ప్యాకేజీ తీసుకుంటే డిస్కౌంట్ కూడా ఉంది."

"మీరు డాక్టరా అమ్మా?"

"నేను కన్సల్టెంట్‌ని మేడమ్. డాక్టర్‌గారు ప్యాకేజీ తీసుకున్నాక చూస్తారు."

నా కళ్లు ఆ స్క్రీన్‌మీదనుంచి కదల్లేదు. ఆ గుంటల పక్కన ఉన్న వెంట్రుకలు మొదలునుంచీ నల్లగా ఉన్నాయి. నేను రంగు వేసుకుని నెలన్నర దాటింది. నా మొదళ్లన్నీ తెల్లగా ఉండాలి.

"ఇది నా తల కాదు" అన్నాను.

"మేడమ్?"

"నా మొదళ్లు తెల్లబడ్డయి. ఇందుల ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ కెమెరా మల్లొకసారి పెట్టు."

సిస్టమ్ హ్యాంగ్ అయిందని చెప్పి ఆ అమ్మాయి స్క్రీన్ ఆపేసింది. నేను బ్యాగ్ తీసుకుని లేచాను. తలుపు దగ్గరికొచ్చాక వెనకనుంచి అడిగింది, "ఇంట్లో కాచిన నూనె ఏమైనా వాడుతున్నారా మేడమ్?" అవునన్నాను. "అదే ప్రాబ్లమ్. వాటిలో ఏం కలుపుతారో ఎవరికి తెలుసు?"

ఆ ఫొటో దొంగదని పట్టుకున్నాను. ఆ మనిషి అబద్ధాలకోరు అని కళ్లారా చూశాను. కానీ ఆమె చెప్పిన వాటిలో నూనె మాట ఒక్కటి మాత్రం నమ్మేశాను. ఎందుకంటే అది నేను అప్పటికే నమ్మాలనుకుంటున్న మాట.

ఫిబ్రవరి

మాఘమాసం పెళ్లిళ్లు మాకు పంటకోతలాంటివి. నాగోల్‌నుంచి ఒకావిడ కూతురి పెళ్లికి మేకప్, పూలజడ మాట్లాడుకుని, ఒకరోజు ట్రయల్‌కు అమ్మాయిని తీసుకొచ్చింది. నేను అమ్మాయి జడ అల్లుతున్నంతసేపూ ఆ తల్లి నా పాపిట చూస్తూ కూర్చుంది. మర్నాడు ఫోన్ చేసింది. "మా చుట్టాలమ్మాయి ఉంది, ఆమెతోనే చేయిస్తాం, ఏమనుకోకు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాను. పద్మక్క స్టవ్ దగ్గర నిలబడి నూనె కలుపుతోంది. మధ్యాహ్నం, కస్టమర్లు ఎవరూ లేరు.

"పద్మక్కా, జర నిజం చెప్పు. ఈ నూనెల ఏం కలుపుతున్నవు?"

ఆమె నవ్వింది. "ఏం కలుపుతాను? మందారం, కరివేపాకు, ఉసిరి. నీ ఎదురుగానే కదా కాచేది."

"అన్నిసార్లు నా ఎదురుంగ కాచలే. నాకు జ్వరమొచ్చి మూడు వారాలు పండుకున్నప్పుడు నువ్వొక్కదానివే కాచినవు. ఆ సీసానే నాకు పంపినవు. అది వాడినంకనే నా జుట్టు ఊడుడు షురువైంది."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "అంటే నీ ఉద్దేశం ఏంటి స్వరూపా?"

"వనస్థలిపురంల సొంతంగ పార్లర్ పెడతా అన్నవు కదా. నా నెత్తి గిట్లయితే కస్టమర్లు ఎవరి దిక్కు వస్తరు?"

బయటికి వచ్చాక ఆ మాట ఎంత పెద్దదో నాకే వినబడింది. అక్కడ ఆగొచ్చు. ఆగలేదు. "మీ దిక్కోళ్లు పైనొకటి, లోపలొకటి" అని కూడా అన్నాను. ఎనిమిదేళ్లలో మా ఇద్దరి మధ్య మీ దిక్కు, మా దిక్కు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

పద్మక్క స్టవ్ ఆపింది. లోపలి అరలోంచి ఒక సీసా తీసింది. ముడి విప్పుకుని, మూత తీసి, సీసాలో ఉన్నదంతా నడినెత్తిన పోసుకుంది. నూనె చెవులమీదుగా, మెడమీదుగా కారి జాకెట్టు తడిసింది. ఆమె జుట్టు నడుము దాటి ఉంటుంది, ఒత్తుగా.

"ఎనిమిదేళ్లుగా నేనూ ఇదే రాసుకుంటున్నాను. మీరు ఎప్పుడూ చూసినట్టు లేదు స్వరూప గారూ."

ఆమె నన్ను మీరు అనడం అదే మొదటిసారి. తన కత్తెరలు, దారం రీళ్లు సంచిలో వేసుకుని, ఆ నూనె తలతోనే మెట్లు దిగి వెళ్లిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. నా తలలో తిరిగింది ఒక్కటే: దొరికిపోయింది కాబట్టే పోయింది.

మార్చి

నూనె పూర్తిగా మానేశాను. వారం, రెండు వారాలు, మూడు వారాలు. జుట్టు రాలుతూనే ఉంది. ఇప్పుడు తప్పు మోపడానికి పార్లర్‌లో ఎవరూ లేరు. అద్దాలు తుడవడం, నేలమీద జుట్టు ఊడ్వడం అన్నీ నేనే. ఊడుస్తుంటే ఆ కుప్పలో ఏది కస్టమర్‌ది, ఏది నాది అని చూసేదాన్ని.

అప్పుడే ఇంట్లో ఒకటి గమనించాను. నేను స్నానం చేసి వచ్చిన కాసేపటికి మళ్లీ వెళ్లి చూస్తే జాలీ శుభ్రంగా ఉంటోంది. దిండుమీద ఒక్క వెంట్రుక ఉండట్లేదు. ఎవరో తీస్తున్నారు. తీసి ఏం చేస్తున్నారు? చిన్నప్పుడు ఊళ్లో విన్న కథలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మనిషి జుట్టు, నిమ్మకాయ, కుంకుమ. టెన్త్ దాకా చదువుకున్నాను, పట్నంలో ఇరవై ఏళ్లనుంచి ఉంటున్నాను, అయినా అనుమానం అత్తమ్మ మీదికి పోయింది.

అత్తమ్మ పాలకు వెళ్లినప్పుడు ఆమె ఇనుప పెట్టె తీశాను. పాత చీరల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు. అందులో నా జుట్టు. చిక్కు తీసి, పొడవుకు పొడవు కలిపి, తెల్లదారంతో కట్టలుగా కట్టి ఉంది.

ఆమె వచ్చేసరికి ఆ కవరు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. "ఏందిది అత్తమ్మా?"

దొంగతనం చేస్తూ దొరికినట్టు ఆమె మొహం చిన్నబోయింది. "సవరం కట్టిద్దామని బిడ్డా."

"సవరమా?"

"ఊళ్లె ఒకామె మంచిగ కడ్తది. బజార్ల కొన్నదైతే నీ రంగుకు కలువది. నీ జుట్టుతోటే అయితే ఎవరికీ తెల్వది. ఆ జాలీ కాడ కుప్ప జూసి జూసి నీకు పానం తక్కువైతున్నదని నేనే తీస్తున్న. నువ్వేమనుకున్నవు?"

ఆమె నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"అనుకున్నవు లే" అంది. పాల ప్యాకెట్ గిన్నెలో పెట్టి, తీసి ఉన్న ఇనుప పెట్టెలో చీరలు మళ్లీ సర్దుకుంది. యాదగిరి విషయం తెలిసినా నన్ను తిట్టలేదు, తల పట్టుకుని కూర్చున్నాడు. "మా అమ్మను కూడానా?" అన్నాడు అంతే.

మర్నాడు పొద్దున అత్తమ్మ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని నా ముందు నిలబడింది. "నడువు. దవాఖానకు పోదాం. పద్మ మీద, నా మీద, నీళ్ల మీద అయిపోయింది. ఇంకెవలున్నరు మిగిలినోళ్లు?"

కొత్తపేటలో మెడికల్ షాపు పైన ఒక స్కిన్ డాక్టరమ్మ ఉంటుంది. మెట్లనిండా చెప్పులు. చిన్న గదిలో బెంచీలు, గోడకు ఫ్యాను, చేతిలో టోకెన్ చీటీ. అక్కడ కూర్చున్నవాళ్లలో సగంమంది తల దాచుకునే ఉన్నారు, టోపీతోనో చున్నీతోనో. నా పక్కన కోచింగ్ తీసుకునే కుర్రాడు ఒకడు కరెంట్ అఫైర్స్ పుస్తకం పట్టుకుని ఉన్నాడు. నుదురు రెండువైపులా వెనక్కి పోయింది. "మా నాయనకు, తాతకు గిట్లనే ఆంటీ. డాక్టరమ్మ మందు రాసింది. ఆపకుండ వాడాలట" అన్నాడు సిగ్గుపడుతూ.

ఇంకోవైపు కుట్టుపని చేసే ఒకామె. కొంగు కాస్త జారితే చెవి వెనక రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ కనిపించింది, పేనుకొరుకుడు. నేను ఆమెనుంచి కొంచెం పక్కకు జరిగాను. ఆమెకు అలవాటయినట్టుంది. "అంటుకోదు అక్కా. నేనూ అట్లనే అనుకున్న. ఒంట్లనే ఏదో జరిగి వస్తదట, పేనుతోటి కాదట. మా ఇంట్ల నా దువ్వెన, నా దిండు వేరే పెట్టిండ్రు" అంది మెల్లగా. రెండేళ్ల కింద అలాంటి మచ్చతోనే ఒకమ్మాయి నా పార్లర్‌కు వచ్చింది. బిజీగా ఉన్నానని అబద్ధం చెప్పి ఆమెను కుర్చీలో కూడా కూర్చోనివ్వలేదు. తలవంచుకుని మళ్లీ ఆమె పక్కకు జరిగి కూర్చున్నాను.

డాక్టరమ్మ నడివయసు మనిషి. నా తల అక్కడక్కడా పాయలు తీసి చూసింది. చిన్న పాయ వేళ్లమధ్య పట్టుకుని మెల్లగా లాగింది. ఏడెనిమిది వెంట్రుకలు వచ్చాయి. అవి తెల్ల కాగితంమీద పెట్టి చూపించింది.

"ఈ చివర చూడండి, చిన్న తెల్లటి ఉండ ఉంది. ఇది పూర్తిగా ఎదిగి విశ్రాంతిలోకి వెళ్లి రాలిన వెంట్రుక. కుదుళ్లు బాగానే ఉన్నాయి. ఇది ఎప్పుడు మొదలైంది?"

"డిసెంబర్‌ల."

"దానికి రెండు మూడు నెలల ముందు ఏం జరిగింది మీకు? ఆపరేషన్, కాన్పు, పెద్ద జ్వరం, బరువు తగ్గడం?"

"ఏం కాలే" అన్నాను.

వెనకనుంచి అత్తమ్మ అందుకుంది. "డెంగీ రాలేదానే? వినాయక చవితి అయినంక. ప్లేట్లెట్లు పడిపోయినయని దవాఖానల పండలే? ఇంటికొచ్చినంక కూడా నెల దినాలు అన్నం ముట్టలే, చాయ్ బిస్కట్ల మీదనే బతికింది."

"అది అప్పుడే తగ్గింది కదా."

"జ్వరం తగ్గింది" అంది డాక్టరమ్మ. "దాని దెబ్బ జుట్టుకు అప్పుడే తగిలింది. కానీ దెబ్బ తగిలిన వెంట్రుక వెంటనే ఊడదు. రెండు మూడు నెలలు కుదుట్లోనే ఉండి, తర్వాత ఒక్కసారిగా రాలుతుంది. అందుకే అందరూ రాలిన రోజున ఏం వాడుతున్నారో దాన్నే తిడతారు. షాంపూని, నీళ్లని, నూనెని."

నూనె అన్న మాట దగ్గర నేను ఆమెను ఆపాను. "నూనెతోని ఊడదా?"

"మామూలు నూనెతో ఇలా ఊడదు. కొత్తగా మొలిపించదు కూడా. రాసుకుంటే రాసుకోండి."

నేను జ్వరంతో పడుకున్న మూడు వారాలు, పద్మక్క ఒక్కతే నూనె కాచిన మూడు వారాలు ఒకటే. ఆ రెండిట్లో నేను నూనెను పట్టుకున్నాను. జ్వరాన్ని వదిలేశాను.

రక్త పరీక్షలు రాసింది. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? "కింద ల్యాబులనే చేయించుకోవాల్నా మేడమ్?" అని అడిగాను. ఆమెకు అర్థమైంది. "ఎక్కడైనా చేయించుకోండి. సర్కారు దవాఖానలో చేయించుకున్నా నాకు సమ్మతమే" అంది. నేను రెండు చోట్ల చేయించుకున్నాను. రెండూ ఒకటే చెప్పాయి. థైరాయిడ్ బాగానే ఉంది. ఒంట్లో ఇనుము అడుగంటింది. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని ఏడాదిగా తెలిసీ నేను ఎవరికీ చెప్పలేదు. జ్వరం ఒక దెబ్బ, ఇది ఇంకో దెబ్బ.

ఏప్రిల్ నుంచి జూన్

ఐరన్ మాత్రలు మింగుతుంటే కడుపులో తిప్పేది. డాక్టరమ్మ వాటిని చాయ్‌తో వేసుకోవద్దంది, నిమ్మకాయ నీళ్లు తాగమంది. రోజుకు ఆరుసార్లు తాగే చాయ్‌ని రెండుకు దించాను. అత్తమ్మ పొద్దున గుడ్డు, మధ్యాహ్నం తోటకూరో గోంగూరో పప్పు, సాయంత్రం నువ్వులుండ చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. మేము ఆ కవరు గురించి మళ్లీ మాట్లాడుకోలేదు. ఒకరోజు నువ్వులుండ తింటూ "తప్పైంది అత్తమ్మా" అన్నాను. "తిను ముందు" అంది.

తలకు రంగు, స్ట్రెయిటెనింగ్ మానేశాను. బిగుతు ముడి మానేసి వదులుగా జడ వేసుకున్నాను. నెలసరికి వేరే డాక్టరమ్మ దగ్గర చూపించుకున్నాను. ఇంతే వైద్యం. నాకు ఇది నమ్మబుద్ధి కాలేదు. ఇంత పెద్ద కష్టానికి ఇంత చిన్న మందా? ఏప్రిల్ అంతా జుట్టు రాలుతూనే ఉంది. ఇంకొన్నాళ్లు రాలుతుందని డాక్టరమ్మ ముందే చెప్పినా, ఈమెకూ ఏం తెలియదేమో అనిపించేది. రెండుసార్లు ఫోన్‌లో జుట్టు మొలిపించే బిళ్లలు ఆర్డర్ పెట్టి, రెండుసార్లూ రద్దు చేశాను.

మే నెల చివర, ఎండ ఇంట్లోకి నేరుగా పడుతున్న ఒక పొద్దున, అద్దంలో నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిటారుగా నిలబడి కనిపించాయి. తెగిన జుట్టేమో అని అనుమానం. ఒకటి పీకి వేలిమీద పెట్టుకుని చూశాను. తెగిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది. కొత్తగా మొలిచిన దాని కొస సూదిలా సన్నగా ఉంటుంది. ఇది సన్నగా ఉంది. ఇంకొకటి పీకాను. అదీ సన్నగానే ఉంది. మూడోది పీకబోతుంటే యాదగిరి నా చెయ్యి పట్టుకుని, "ఇగ చాలు. ఉన్నయన్ని పీక్కుంటవా ఏంది?" అన్నాడు. అప్పుడు ఏడ్చాను, చాలాసేపు.

ఆగస్టు

పద్మక్క నా ఫోన్ ఎత్తలేదు. మెసేజ్‌లకు జవాబు లేదు. శ్రావణమాసం రద్దీ కాస్త తగ్గిన ఒక మధ్యాహ్నం వనస్థలిపురం వెళ్లాను. వాళ్లింట్లో ముందు గదిలోనే పార్లర్ పెట్టుకుంది. ఒకమ్మాయికి ఐబ్రోస్ చేస్తోంది. నన్ను చూసి దారం పళ్లమధ్యనుంచి తియ్యకుండానే కుర్చీ వైపు చెయ్యి చూపించింది.

ఆ అమ్మాయి వెళ్లాక, "చెప్పండి" అంది.

జ్వరం సంగతి, ఇనుము సంగతి, డాక్టరమ్మ చెప్పింది అంతా చెప్పాను. "నూనెది తప్పు లేదక్కా. నీది అసలే లేదు."

"ఆ సంగతి నాకు ఫిబ్రవరిలోనే తెలుసండి."

"నేనన్న మాటలు..."

"జుట్టు ఊడితే భయపడతారు. ఈ పనిలో ఉన్నదాన్ని, నాకు తెలీదా? నూనె బాలేదన్నా ఊరుకునేదాన్ని." ఆమె చేతిలోని దారం చుట్టి పక్కన పెట్టింది. "ఆ మూడు వారాలు షాపు నేనొక్కదాన్నే తీశాను. మధ్యాహ్నం తాళం వేసి ఆసుపత్రికొచ్చి నీకు గంజి తాగించాను. నువ్వు వాంతి చేసుకుంటే కడిగాను. అన్నిట్లో నీకు నూనె సీసా ఒక్కటే గుర్తుందా స్వరూపా?"

"తిరిగి రా అక్కా" అన్నాను.

"రాను" అంది. గొంతులో కోపం లేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

లేద్దామనుకుంటుంటే ఆమే లేచింది. నా కుర్చీని కిటికీ వైపు తిప్పింది. జడ విప్పి, తోక దువ్వెనతో పాయలు తీస్తూ తలంతా చూసింది. ఏ తలనైనా ఆమె అలాగే చూస్తుంది, తొందర లేకుండా.

"ముందువైపు బాగానే వస్తోంది. ఈ ఎడమ పక్క ఇంకా పల్చగా ఉంది. రంగేశావా?"

"లేదక్కా."

"వెయ్యకు. దసరా దాకా కత్తెర కూడా పెట్టకు."

వదులుగా జడ అల్లి, కొసకు రబ్బరు పెట్టింది. గుమ్మంలో ఇద్దరు కస్టమర్లు వచ్చి నిలబడ్డారు. "కూర్చోండమ్మా" అని వాళ్లకు చెప్పి, నావైపు చూడకుండానే, "వచ్చే నెల ఒకసారి వచ్చి చూపించు" అంది.

కస్టమర్‌గా రమ్మందా, చెల్లెలిగా రమ్మందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ ఒక్క అనుమానాన్ని మాత్రం నాలోనే ఉంచుకుని, చెప్పులు వేసుకుని బస్‌స్టాప్ వైపు నడిచాను.